పనికీ పోగులు పెడదాం

దసరాకు ఇంటికి ఎంతమంది వస్తారో తేలకముందే మా దిక్కు ఇళ్లలోకి నువ్వులు, పల్లీలు, బెల్లం వచ్చేస్తాయి. పుట్టిల్లు సిరిసిల్ల, అత్తిల్లు కోరుట్ల, అక్కను ఇచ్చింది జగిత్యాల. అందుకే నాకు ఈ పండుగ మూడు ఊళ్ల లెక్క. ఎవరు ఏ రోజు దిగుతారు, ఏ పూట తింటారు అన్నది తేలాకే పొయ్యి సంగతి. మా ఆడబిడ్డది వేములవాడ. అక్కడ సద్దుల బతుకమ్మ ఏడో రోజే ఆడతారు. మెట్టినింట ఆడుకుని, మా దగ్గర సద్దులు ఆడే తొమ్మిదో రోజుకు మా ఇంటికి చేరుకుంటుంది. ఆమె వచ్చిందంటే వంటింట్లో రోలు కదిలినట్టే.

ఏటా సద్దుల వంట, దసరా వంటల నడుమ మసలుతున్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. సద్దుల వంటను ఏర్పరిచిన పెద్దలు వండే మనిషి గురించి ఆలోచించారు. దసరా వంట దగ్గరికి వచ్చేసరికి మనం ఆ ఆలోచన మరిచిపోయాం.

సద్దుల్లో ఏముంటాయో చూడండి. నువ్వుల సద్ది, పల్లి సద్ది, కొబ్బరి సద్ది, మలీద ముద్దలు, పులిహోర, పెరుగన్నం. వేడివేడిగా వడ్డించాల్సింది ఇందులో ఒక్కటీ లేదు. పొద్దున చేసి డబ్బాల్లో సర్దితే, సాయంత్రం మానేరు ఒడ్డునో చెరువు కట్ట మీదో మూత తీసి చేతుల్లో పెట్టి పంచుకోవచ్చు. వండినామె కూడా చీకటి పడేదాకా అందరితో కలిసి చప్పట్లు కొడుతూ ఆడొచ్చు.

అట్లని ఇది తేలిక వంట కాదు. నువ్వులు సన్నని సెగ మీద వేగి చిటపటమనగానే దించి, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద దంచితే నూనె వదిలి ముద్ద కడుతుంది. చల్లారాక దంచితేనే పొడిపొడిగా ఉంటుంది. బెల్లం చివర్లో వేసి ఇంకో నాలుగు పోట్లు వేస్తే చాలు. మలీదకు పద్ధతి వేరు. రొట్టె పెనం మీంచి దిగీదిగగానే తుంచి, బెల్లం వేసి పిసకాలి. ఆ వేడికే బెల్లం కరిగి ముద్ద నిలుస్తుంది. రొట్టె ఆరిపోయిందా, ఎంత పిసికినా రాలిపోతుంది. మా అత్తమ్మ ఇదంతా ఎన్నడూ విడమరిచి చెప్పలేదు. "పళ్లెం మీద చెయ్యి పెట్టి చూడు బిడ్డా" అనేది. ఆ ఒక్క మాటలో నాకు సద్దుల వంట మొత్తం దొరికింది.

పులిహోరకు బియ్యం కూడా కలిసొస్తాయి. దసరా నాటికి వానాకాలం వడ్లు ఇంకా పొలంలోనే ఉంటాయి. ఇంట్లో ఉన్నవి యాసంగి బియ్యం, ఐదారు నెలల పాతవి. అన్నం మెతుకుకు మెతుకు అంటదు. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన కేంద్రం మనకు జగిత్యాల సన్నాలు ఇచ్చింది, అక్కడి నుంచే వచ్చిన ఒక వరి రకానికి బతుకమ్మ అనే పేరే పెట్టారు. ఏ సన్నాలైనా సంక్రాంతికి కొత్త బియ్యం దిగాక ఇదే కొలత నీళ్లు పోస్తే అన్నం మెత్తబడుతుంది. దసరా బగారకు కుదిరిన కొలత సంక్రాంతికి కుదరదు. ఇక పెరుగన్నం మాత్రం బతుకమ్మను ఎత్తుకునే ముందే కలపాలి. పొద్దున్నే కలిపితే పులుస్తుంది.

దసరా నాటికి కథ మారుతుంది. మా దిక్కు దసరా అంటే యాట. నాలుగైదు ఇళ్లు కలిసి యాటను కొని, తెల్లారకముందే కోయించి పోగులు పెట్టించుకుంటాయి. ప్రతి పోగులో మెత్తటి మాంసం, బొక్కలు, కార్జం, బోటి అన్నీ కొంచెం కొంచెం పడాలి. ఈ పోగులోంచి ఒక ముక్క తీసి ఆ పోగులో వేస్తూ, కంటితోనే తూస్తూ, ఎవరికీ తక్కువ కాకుండా సరిచేస్తారు. అంత శ్రద్ధగా పంచిన మాంసం గడప దాటి లోపలికి రాగానే పంపకం ఆగిపోతుంది. కడగడం, మసాలా నూరడం, కూర, బగార, గారెలు, పచ్చిపులుసు, గిన్నెలు తోమడం అంతా ఒకే పోగై ఒకరిద్దరు ఆడవాళ్ల ముందు పడుతుంది.

ఆ ఆడవాళ్లు ఎవరో కూడా చూడాలి. కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో ఎందరో బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కాబట్టి, పండుగ పనికి కూర్చున్న పూట చాట ఖాళీ, చెయ్యి ఖాళీ. సిరిసిల్లలో 2017లో సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ మొదలయ్యాక, పండుగ ముందు సాంచాలు రాత్రింబవళ్లు నడిచిన ఏళ్లున్నాయి. ఊరూరా ఆడవాళ్లు కట్టుకునే చీరలు నేసిన ఇళ్లలోనే పండుగ వంటకు తీరిక దొరికేది కాదు. మగమనిషి దుబాయికో మస్కట్‌కో పోయిన ఇంట్లో అయితే బజారు, బ్యాంకు, పొయ్యి అన్నీ ఒక్క ఆడమనిషివే.

ఆ గల్ఫ్ రూముల్లో మన మగవాళ్లు వంతులు వేసుకుని వండుకుంటారు. మా మరిది మస్కట్‌లో ఉన్నప్పుడు శుక్రవారం కూర వంతు అతనిదే. పదిమందికి మాంసం వండిన చెయ్యి అది. సెలవు మీద ఇంటికి రాగానే ఆ చేతికి గరిట ఎందుకు అందదు? అందించాలి. మా ఇంట్లో ఇప్పుడు దసరా మాంసం వాకిట్లో కట్టెల పొయ్యి మీద అతనే వండుతాడు. ఇంటిల్లిపాదీ ఇష్టంగా తింటారు.

2025లో దసరా అక్టోబర్ 2న పడింది. గాంధీ జయంతికి మాంసం దుకాణాలు మూస్తారు కాబట్టి, ఏ రోజు తెచ్చుకోవాలి, ఏ రోజు వండుకోవాలి అని ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆ మాట్లాడుకోవడం ప్రతి ఏడాదీ కావాలి. లెక్క పెద్ద కష్టం కాదు. మా ఇంట్లో కిలో మాంసానికి నలుగురైదుగురు, కిలో బియ్యానికి ఎనిమిది మంది. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గసగసాలు కొబ్బరి ముందురోజు రాత్రే నూరి పెట్టుకోవచ్చు. గారెల పప్పు అప్పుడే నానబెట్టుకోవచ్చు. పచ్చిపులుసుకు కూర ఉడికినట్టు ఉడకాల్సిన పనే లేదు, చింతపండు పిసికి ఉల్లిగడ్డ కలపడం పిల్లలకూ వస్తుంది. సాయంత్రం జమ్మి బంగారం పట్టుకుని అలాయ్ బలాయ్‌కి వచ్చేవాళ్లకు ముందే చేసిన గరిజెలు, మిగిలిన సద్దులు పెడితే పొయ్యి మళ్లీ వెలిగించక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వండినవాళ్లు మొదటి బంతిలోనే కూర్చోవాలి. ఆఖరి బంతిలో అడుగంటిన బగార, బొక్కలు మిగిలిన కూర తినడం వాళ్ల తలరాత కాదు.

ఈసారి సద్దుల నాటి రాత్రి బతుకమ్మను సాగనంపి ఇంటికి వచ్చాక, అందరూ ఒక్కచోట ఉన్నప్పుడే దసరా పనిని పోగులు పెట్టండి. మాంసాన్ని పంచినంత శ్రద్ధగా పంచండి. ఇంట్లో ఎవరి వంతుకు పోగు రాలేదో చూసి, వాళ్లను పిలిచి చేతికివ్వండి.