ములాఖత్‌కు వెళ్లే దారి: సుందరకాండ పరిశీలన

జైలు సాహిత్యాన్ని మనం ప్రధానంగా బందీ అనుభవంగానే చదువుతున్నాం. వట్టికోట ఆళ్వారుస్వామి కథాసంపుటి ‘జైలు లోపల’ శీర్షికే ఆ దృష్టిని సూచిస్తుంది. ఆత్మీయుణ్ణి ఒక్కసారి చూడడానికి వందల కిలోమీటర్లు మోటారు సైకిలుపై వచ్చే మనిషి ప్రయాణం ఈ అధ్యయనంలో గోడ బయటే ఉండిపోతుంది. అటువంటి ప్రయాణాన్నే కథావస్తువుగా నిలిపిన ప్రాచీన కావ్యభాగం వాల్మీకి సుందరకాండ.

హనుమంతుడు 100 యోజనాల సముద్రాన్ని మొదటి సర్గలోనే దాటుతాడు. అసలు సంకటం అశోకవనంలో ఎదురవుతుంది. రాక్షసస్త్రీల కాపలా నడుమ సీతను ఏ భాషలో పలకరించాలో 30వ సర్గలో తర్కించుకుంటాడు. సంస్కృతంలో మాట్లాడితే ఆమె తనను రావణుడనుకొని భయపడుతుందని శంకిస్తాడు. దూరాన్ని దాటించిన బలం ఇక్కడ చాలదు; బందీకి నమ్మకం కలిగించే మాట కావాలి.

ఈ సమాగమంతో సీతకు విడుదల లభించలేదు. ఉంగరం ఆమెకు చేరింది. చూడామణి రాముని కోసం బయలుదేరింది. నెలకు మించి జీవించనన్న ఆమె మాట తిరుగు ప్రయాణానికి గడువు విధించింది. చూడవచ్చినవాడు ఆ గడువును మోసుకొని వెళ్లాడు. అందువల్ల ములాఖత్‌కు వచ్చిపోయేవారి కథనాలను అనుబంధంగా కాక, జైలు సాహిత్యంలో భాగంగానే పరిశీలించడం అవసరం.