జిప్సీ కింద పడుకుని చూస్తే

దేవరకొండ దాటి చందంపేట గుట్టల్లోకి పోయినా, అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ ఎక్కినా, తారురోడ్డు విడిచిన చోటే బండి అడుగుకు పరీక్ష మొదలవుతుంది. నల్లగొండ, పాలమూరు చెలకల్లో నేలలోంచి పొడుచుకొచ్చే గ్రానైటు బండలు, నల్లమల అంచున క్వార్ట్జైటు పలకరాళ్లు, మక్తల్ వైపు వాన పడితే చక్రాన్ని వదలని నల్లరేగడి. ట్రాక్టర్లు తిరిగిన బాటలో రెండు గాడుల మధ్య మిగిలే మట్టికట్ట చిన్న బండి పొట్టకు గీరుకుంటుంది. మారుతి జిప్సీ ఉన్న మనిషికి దాన్ని కాస్త పైకెత్తి పెద్ద టైర్లు వేయాలన్న ఆశ పుట్టడంలో వింతేమీ లేదు.

అలా ఎత్తిన బండిని చాలామంది నిలబడి చూస్తారు, ఫొటో తీసుకుంటారు. పని తెలిసినవాడు గోనెసంచి పరుచుకుని కిందికి దూరుతాడు. పనితనం కనిపించేది అక్కడే.

మారుతి జిప్సీ 1985లో వచ్చింది, మామూలు జనానికి అమ్మడం 2019లో ఆగిపోయింది. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెరిగింది, 1996లో జిప్సీ కింగ్ పేరుతో 1.3 లీటర్ల ఇంజను వచ్చింది. అడుగు తీరు మాత్రం మారలేదు. ల్యాడర్ ఛాసిస్, ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే యాక్సిల్ హౌసింగులు, వాటి మీద బరువు మోపే కమాన్ పట్టీలు. జాకీ, పానాలు, వెల్డింగు మిషను, దగ్గర్లో ఒక లేత్ ఉంటే చాలు, ఈ బండిని విప్పి మళ్లీ బిగించవచ్చు.

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. లిఫ్ట్ చేస్తే బాడీ, ఛాసిస్ లేస్తాయి గానీ, బండరాయికి మొదట తగిలే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా కదలదు. అది యాక్సిల్‌తో పాటు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే. ఆ టైరుకు చోటు చేయడానికే లిఫ్ట్. జిప్సీ కింగ్‌కు వచ్చే 205/70 ఆర్15 టైరు నిలువు కొలత దాదాపు 668 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే 733 దాటుతుంది. ఈ తేడాలో సగం, అంటే సుమారు 33 మిల్లీమీటర్లు, హౌసింగ్ కింద పెరుగుతుంది. ఇంత శ్రమా ఆ అంగుళంపావు కోసమే!

ఎత్తడానికి చౌకదారి, పట్టీ కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్ పొడవు పెంచడం. రెండంగుళాలు పొడుగైన షాకిల్ వేస్తే బండి లేచేది ఒక్క అంగుళమే, పట్టీ రెండో కొస ఉన్నచోటే ఉంటుంది కనుక. పైగా జిప్సీ ముందు పట్టీలకు షాకిల్ ముందుకొసన ఉంటుంది. ఆ కొస కిందికి దిగితే యాక్సిల్ ముందుకు వాలుతుంది, స్టీరింగ్ తనంతట తాను తిన్నగా నిలిచే గుణం తగ్గుతుంది. శ్రీశైలం రోడ్డు మీద 80లో పోతుంటే బండి అటూ ఇటూ తారట్లాడుతుంది. జాగ్రత్త గల మెకానిక్కు పట్టీకీ హౌసింగుకూ మధ్య ఏటవాలు బిళ్ల పెట్టి ఆ వాలును సరిచేస్తాడు.

కమాన్ కట్టకే వంపు పెంచడం రెండో దారి. నాకు ముచ్చటేసే పని ఇదే. పట్టీ అంటే ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచిన ఉక్కు. గ్యాస్ మంటతో వేడిచేసి వంచితే వంపు వెంటనే వస్తుంది, పట్టీ గట్టితనం మాత్రం పోతుంది, కొన్నాళ్లకే చదునైపోతుంది. చేయితిరిగిన పనివాడు పట్టీని చల్లగానే దాగలి మీదో ప్రెస్సు కిందో పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు జరుపుకుంటూ కొద్దికొద్దిగా వంచుతాడు. ఒకేచోట బలంగా కొడితే రేపు అక్కడే విరుగుతుంది. కట్టలో పొట్టి పట్టీకి పొడుగు పట్టీ కంటే పిసరంత ఎక్కువ వంపు ఉండాలి. అప్పుడే సెంటర్ బోల్టు బిగించేసరికి పట్టీలన్నీ ఒకదాన్నొకటి అదుముకుని బరువు పంచుకుంటాయి. కుడి కట్టనూ ఎడమ కట్టనూ పక్కపక్కన పెట్టి, వంపు కొలిచాకే బిగించే మనిషికి నిశ్చింతగా బండి అప్పజెప్పవచ్చు. ఎత్తు కోసమని అదనపు పట్టీలు పేర్చేవాళ్లూ ఉన్నారు. టన్నుకు అటూఇటూ తూగే బండి అప్పుడు ఖాళీ ఎడ్లబండిలా ఎగురుతుంది, చక్రం నేల మీద నిలవదు.

ఇక కంపెనీ హౌసింగ్ కింద కట్టిన పట్టీలను దాని పైకి మార్చే పద్ధతి. దీనితో ఒక్కసారే దాదాపు 5 అంగుళాలు లేస్తుంది. జిప్సీకి తోబుట్టువైన సుజుకీ సమురాయ్‌ను రాళ్లెక్కించే అమెరికావాళ్లకు ఇది బాగా నచ్చిన దారి. మన చెలకలకు ఇంత ఎత్తు అవసరమని నేననుకోను.

ఎందుకంటే పెంచిన ప్రతి అంగుళానికీ మరోచోట లెక్క తప్పుతుంది. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింకు ఇంచుమించు అడ్డంగా ఉన్నంతకాలం గుంతలో యాక్సిల్ పైకీ కిందికీ ఆడినా స్టీరింగుకు పెద్దగా తెలియదు. లింకు ఏటవాలైతే ప్రతి గుంతా చేతిలోని స్టీరింగును లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టుదీ ఇదే గోల. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అతుక్కుని ఉండదు, విడిగా వెనక వేలాడుతుంది. అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి షాఫ్టులు పోతాయి. బండి లేచేకొద్దీ వాటి జారుడు పళ్ల పట్టు తగ్గుతుంది, జాయింట్ల కోణం పెరుగుతుంది. ఆ కొరత తీర్చే బిళ్లను లేత్ మీద చేసేటప్పుడు మధ్యబిందువు వెంట్రుకవాసి తప్పినా బండంతా వణుకుతుంది. బ్రేకు హోసు సంగతి చెప్పనక్కర్లేదు. ఛాసిస్‌ను జాకీతో లేపి, చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు కూడా హోసు వదులుగా ఉండాలి. అప్పుడది బిగుసుకుంటే ఆ బండి నడపకూడదు.

చివరి పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ఒక ముందు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతారు. టైరు ఎక్కడా పట్టీకి గానీ మడ్‌గార్డుకు గానీ రాసుకోకూడదు. మడ్‌గార్డుకు రాసుకుంటే బాడీని కోసేయడం కాదు, బంప్ స్టాపును ఆ మేరకు కిందికి దించుతారు. యాక్సిల్ అక్కడే ఆగిపోతుంది.

నష్టాలూ ఉన్నాయి. ఆ 235/75 టైర్లతో మీటరు 60 చూపిస్తే బండి దాదాపు 66లో పోతుంటుంది. లాగే శక్తి అంతే మేరకు తగ్గుతుంది. ఎత్తు పెరిగితే మలుపులో బోల్తాపడే భయమూ పెరుగుతుంది. లిఫ్ట్ చేయని సమురాయ్ విషయంలోనే 1988లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక బోల్తా ప్రమాదమని రాస్తే, సుజుకీ కోర్టుకెక్కింది. ఆ గొడవ 2004లో గానీ రాజీకి రాలేదు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డెక్కే బండి గలవాళ్లు పని మొదలుపెట్టకముందే ఇది చూసుకోవాలి.

జిప్సీ తర్వాత మారుతి 2023లో తెచ్చిన జిమ్నీకి కమాన్లు లేవు, కాయిల్ స్ప్రింగులు. అక్కడ తల తినేది యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టే అడ్డరాడ్డు. బండి లేస్తే అది యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది, దాని పొడవు సరిచేయాలి. మంచి మెకానిక్కు టైరు అంచు నుంచి ఛాసిస్‌కు రెండువైపులా టేపు పట్టి చూస్తాడు.

ఏ బండైనా పని అయిన రోజుతో అయిపోదు. కొత్త వంపు పెట్టిన పట్టీలు నడిచేకొద్దీ సర్దుకుని కాస్త దిగుతాయి, యూ-బోల్టులు వదులవుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ తెమ్మని తనంతట తానే చెప్పి, ఆ బిగింపుకు డబ్బులడగని మెకానిక్కు దగ్గరే ఈ పని చేయించుకోండి.