రెండు ఇనుములు: ఆన్‌లైన్ విజ్ఞాన, ఆరోగ్య పాఠాల తెలుగుపై బయ్యారం నుంచి ఒక పరిశీలన

తెలుగు శాఖలకు బయ్యారం ఒక శాసనంగా పరిచయం. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు దగ్గరి ఆ శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారులకు ముఖ్యాధారాల్లో ఒకటయింది. పత్రికలు చదివేవారికి బయ్యారం అంటే ఇనుప గుట్టలు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలులో ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాల పరిశీలన చేరిన నాటినుంచి ఆ ఊరి పేరు ఉక్కుతో జతకట్టింది. అప్పటికి బయ్యారం ఖమ్మం జిల్లాలోనిదే. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లాకు మారింది. అక్కడ 6, 7, 8 తరగతులు చదివే పిల్లలకు తెరమీదుగా అందుతున్న విజ్ఞాన, ఆరోగ్య పాఠాల భాషను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో కోయ మాట్లాడతారు, లేదా లంబాడీ మాట్లాడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా షెడ్యూల్డు తెగలవారే.

ఆన్‌లైన్ పాఠాల మీద ఇప్పటివరకు జరిగిన చర్చ చాలావరకు పరికరాల చుట్టూ తిరిగింది. ఫోను ఉందా, సిగ్నల్ ఉందా, ఇంట్లో ఎందరికి ఒక ఫోను అన్నవి అవసరమైన ప్రశ్నలే. అయితే సిగ్నల్ అందిన పిల్లవాడికి ఏ తెలుగు అందింది అన్న ప్రశ్న సాహిత్య విద్యార్థులు వేయవలసినది. ఆధునిక తెలుగు వచనంలో అత్యధికంగా వినబడుతున్న రూపాల్లో ఒకటైన పాఠ్య వచనాన్ని మన విమర్శ దాదాపు వదిలేసింది.

వనరుల చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మన టీవీ 2017లో టీ-శాట్‌గా మారి విద్య, నిపుణ అనే రెండు ఛానళ్లుగా పనిచేస్తోంది. అదే సంవత్సరం కేంద్రం దీక్ష వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలో అచ్చయిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. కొవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆరోగ్యం వైపు చూస్తే, 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 11 అంశాలను నిర్ణయించి, ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు వాటి బాధ్యత అప్పగించింది. 2022-23లో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం రావడంతో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి.

ఈ వనరుల భాషను రెండు పాఠాల ఆధారంగా చూద్దాం. రెండింటిలోనూ ఇనుము ఉంది.

మొదటిది 6వ తరగతి సామాన్య శాస్త్రంలోని అయస్కాంతాల పాఠం. 'అయస్కాంతం' సంస్కృత సమాసం. 'అయస్' అంటే ఇనుము, 'కాంతం' అంటే ప్రియమైనది. ఇనుముకు ప్రియమైనది అనే చక్కని ఊహ అందులో ఉంది. కాని ఆ ఊహ విప్పి చెప్పినవారికే కనబడుతుంది. విప్పకపోతే అది నాలుగక్షరాల గుర్తు మాత్రమే. తెలుగులో దీనికి ఇంకో మాట ఉంది: సూదంటురాయి. సూది అంటుకునే రాయి. ఈ మాటకు నిర్వచనం అక్కర్లేదు, ప్రయోగం మాటలోనే ఉంది. వస్తువు పేరు చెప్పగానే దానితో ఏం చేసి చూడాలో కూడా తెలిసిపోతుంది. రాయి అనడంలో ఇంకో సత్యం దాగి ఉంది. మనిషి మొదట ఎరిగిన అయస్కాంతం కర్మాగారంలో చేసిన కడ్డీ కాదు, నేలలో దొరికిన మాగ్నెటైట్ రాయి. నిఘంటువుల్లో బతికే ఉన్న ఈ మాట పాఠం నుంచి జారిపోవడం పారిభాషిక పదాల ఏకరూపత కోసం మనం చెల్లించిన మూల్యం.

బయ్యారంలో ఈ నష్టం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. గుట్టమీద ఇనుపరాయి ఉన్న ఊరి పిల్లలకు తెరమీద చూపేది ఎరుపు, నీలం రంగులు పూసిన కడ్డీ. 'మా గుట్ట రాయి సూదంటురాయికి అంటుకుంటదా?' అని ఒక పిల్ల అడిగితే జవాబు తేలిక కాదు. మాగ్నెటైట్ అయితే గట్టిగా అంటుకుంటుంది, హెమటైట్ అయితే దాదాపు అంటుకోదు. రెండూ ఇనుప ఖనిజాలే. 'ఇనుమును అయస్కాంతం ఆకర్షిస్తుంది' అనే పాఠ్య వాక్యం దగ్గర ఆగిపోయిన పిల్లకు ఈ తేడా తెలియదు. రాయి తెచ్చి పరీక్షించిన పిల్లకు తెలుస్తుంది. రాష్ట్రమంతటికీ ఒకే వీడియో తయారుచేసేవారికి బయ్యారం గుట్టను తలచుకునే వీలు లేకపోవచ్చు. 'మీ ఊరి మట్టిలో తిప్పి చూడండి' అనే ఒక వాక్యానికి మాత్రం ఏ ఖర్చూ లేదు. మధ్యమ పురుషలో పలికే ఆ వాక్యం పాఠాన్ని ప్రసారం నుంచి సంభాషణ వైపు తిప్పుతుంది.

రెండో ఇనుము నెత్తురులోనిది. ఇక్కడ పదం తప్పితే జరిగే నష్టం మార్కులతో పోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అది ఇంకా ఎక్కువ. అందుకే బడుల్లో 6వ తరగతి నుంచి వారానికొకసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం నీలిరంగు మాత్ర ఆరోగ్య పాఠాల్లో తప్పనిసరి అంశమయింది.

'రక్తహీనత' అనే పదాన్ని ఒకసారి పరీక్షించాలి. ఇది గ్రీకు మూలం గల 'అనీమియా'కు సరైన సంస్కృత ప్రతిబింబం. రెండింటి అర్థమూ రక్తం లేకపోవడమే. ప్రజల మాట కూడా అదే చెబుతుంది: 'నెత్తురు తక్కువున్నది'. కాని శాస్త్రం చెప్పేది వేరు. నెత్తురు కొలతలో తగ్గనక్కర్లేదు, దానిలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ తగ్గుతుంది. అంటే పారిభాషిక పదమూ వాడుకమాటా ఒకే అపోహను మోస్తున్నాయి. ఆ అపోహతోనే ఒక తల్లి 'ఉన్నదే తక్కువ, అందులోంచి మళ్లీ తీస్తరా?' అని పరీక్షకు అడ్డుపడితే ఆమె తర్కంలో లోపం లేదు. లోపం పదంలో ఉంది, పదాన్ని విప్పని పాఠంలో ఉంది. పదం మార్చమని అనడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. స్థిరపడిన పదం మారదు. దాని పక్కన ఒక వివరణ వాక్యం కావాలి. హెమటైట్‌లోని 'హెమ', హీమోగ్లోబిన్‌లోని 'హీమ' ఒకే గ్రీకు పదం, నెత్తురు అని అర్థం. పొడిచేస్తే నెత్తురు రంగు తేలడం వల్ల ఆ రాయికి ఆ పేరు వచ్చింది. గుట్టలోని ఇనుమూ ఒంట్లోని ఇనుమూ ఒకే మూలకమని బయ్యారం పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. పాఠ్యప్రణాళికలో మాత్రం ఆ రెండూ ఎన్నడూ కలుసుకోని రెండు వేరు పాఠాలు.

ఆరోగ్య పాఠాల వ్యాకరణం కూడా పరిశీలించదగ్గది. విజ్ఞానశాస్త్ర పాఠం ఎంత పొడిగా ఉన్నా మధ్యలో 'ఎందుకు?' అని అడుగుతుంది. ఆరోగ్య పాఠంలో క్రియలు '-ఆలి'తో ముగుస్తాయి: కడుక్కోవాలి, తినాలి, వేసుకోవాలి, పాటించాలి. ఈ విధ్యర్థక క్రియల వరుసలో పిల్లలు వినేవారే తప్ప అడిగేవారు కారు. మాత్ర వేసుకోవాలని చెప్పే పాఠం, వేసుకున్నాక ఏం జరుగుతుందో చెప్పడం మరచిపోతుంది. ఐరన్ మాత్ర వల్ల మలం నల్లగా రావచ్చు. దానివల్ల హాని లేదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం కలగవచ్చు. భోజనంతో పాటు చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. నిమ్మ, ఉసిరి తోడైతే పెరుగుతుంది. నల్లగా రావడం చూసి భయపడిన పిల్ల ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేక మాత్రను చాటుగా పారేసే అవకాశముంది. 'మలం' ఆమె పలికే మాట కాదు. పలికే మాట 'దొడ్డికి'. ఆ మాట పాఠంలో వినిపించదు, అది అసభ్యమని మన సంపాదకుల నమ్మకం.

పలికే మాటలకూ పాఠం మాటలకూ ఉన్న దూరం ఇంకా చాలాచోట్ల కనబడుతుంది. ఎముకను ఇక్కడి పిల్లలు 'బొక్క' అంటారు. కోస్తాలో ఆ మాటకు రంధ్రమని అర్థం. ఒళ్లు 'పెయ్యి', జలుబు 'సర్ది', కామెర్లు 'పసిరికలు', కలరా 'గత్తర', ఆయాసం 'దమ్ము', గోంగూర 'పుంటికూర'. 'పానం బాగలేదు' అన్న వాక్యంలో ఉన్నంత బరువు 'అనారోగ్యం'లో లేదు. ఇవి అలంకారానికి వాడే మాండలిక పదాలు కావు. ఉపకేంద్రంలో ఏఎన్ఎం అడిగే ప్రశ్నకూ పిల్ల చెప్పే జవాబుకూ మధ్య నడిచేవి ఇవే.

కౌమార దశ పాఠం దగ్గర సమస్య మలుపు తీసుకుంటుంది. 'బహిష్టు' బయట ఉండడాన్ని చెప్పే మాట; 'ముట్టు'లో అంటు ఉంది. ఆ మాటల్లో ఆచారమే నిలిచి ఉంది కనుక పాఠం రచయితలు 'ఋతుస్రావం' వెనకకో 'పీరియడ్స్' వెనకకో వెళ్తున్నారు. ఆ వెళ్లడం అర్థం చేసుకోదగినదే. అయితే ఆ ఆచారాన్ని ప్రశ్నించవలసిన పాఠం దాని పేరే ఎత్తకపోతే ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది?

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పరీక్షలు రాష్ట్రమంతటికీ ఒకటే, పై తరగతులకు పారిభాషిక పదాలు కావాలి, జిల్లాకో మాట పెడితే పాఠమే నిలవదు. ఈ వాదనలో బలముంది. కాని 1906లో హైదరాబాదులో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి ఈ సమస్యనే ఎదుర్కొంది. కొమర్రాజు లక్ష్మణరావు సారథ్యంలో వెలువడిన గ్రంథాలు, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం వంటివి, తెలుగులో శాస్త్ర పదజాలానికి పునాది వేశాయి. ఆ తరువాతి తరాల్లో మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు పరిభాషను వదలకుండానే పాఠకుడితో మాట్లాడే వచనాన్ని సాధించారు. జనవిజ్ఞాన వేదిక 'చెకుముకి' బాలలకోసం ఆ పనిని పత్రికగా కొనసాగించింది. పరిభాషకూ వాడుకకూ మధ్య ఎంపిక తప్పనిసరి కాదని ఈ వంద సంవత్సరాల వచనమే చెబుతోంది. వీడియో పాఠం ఈ సంప్రదాయం నుంచి దాదాపు ఏమీ తీసుకోలేదు. పాఠ్యపుస్తక వాక్యాన్ని గొంతుతో చదవడం దగ్గరే ఆగిపోతోంది. చిత్రం కదులుతుంది, వాక్యం కదలదు.

మిగిలింది కోయ, లంబాడీ పిల్లల సంగతి. ఇది తెలుగు శాఖ పరిధి కాదని అనేవారికి గిడుగు రామమూర్తి ఉన్నారు. వ్యావహారిక వాదానికి ముందే ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలో చదువు చెప్పించే ప్రయత్నం చేశారు; 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కోయ, లంబాడీ సహా 8 గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. కాని అవి ప్రాథమిక తరగతులకే పరిమితం. శరీరం మారే వయసులో, ఆరోగ్య పాఠం అసలు అవసరమయ్యే తరగతుల్లో, ఇంటి భాష బడిలో కనబడదు. 2022-23 తరువాత ఆ పిల్లకు ఇల్లు ఒక భాష, వీధి తెలంగాణ తెలుగు, ఎదుటి పుట గ్రాంథికచ్ఛాయ గల తెలుగు, పాఠం ఇంగ్లీషు. నాలుగు మెట్లలో ఏ ఒక్కటి విరిగినా మాత్ర సంచిలోనే ఉండిపోతుంది.

ఈ విషయంలో తెలుగు శాఖలు చేయగలిగిన పని ఒకటుంది, దానికి మాదిరి మన దగ్గరే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లా జిల్లా తిరిగి సేకరించింది. తరువాత చేనేత వచ్చింది. ఒంటికీ జబ్బుకీ తిండికీ సంబంధించిన పదకోశం అటువంటిది ఒకటి కావాలి. మహబూబాబాద్ వంటి జిల్లాలో ఒక పిహెచ్.డి. క్షేత్రపర్యటనకు అది సరిపోయే అంశం. సేకరించిన పదాలను కోయ, లంబాడీ మాటలతో సహా ఆడియోగా మలిచి, పాఠ్యపుస్తకంలో ఇప్పటికే ఉన్న క్యూఆర్ కోడ్‌కు జోడించవచ్చు. ఆ పుట మళ్లీ అచ్చు వేయనక్కర్లేదు. మొదట సేకరించవలసినవి అవయవాల పేర్లు కావని, నొప్పిని చెప్పే క్రియలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కండ్లు తిరగడం, గుండె దడ, కాళ్లు గుంజడం, పానం గుంజుకుపోవడం వంటి వాటిలో దేన్ని కోయలో ఎట్లా అంటారో, లంబాడీలో ఎట్లా అంటారో తెలిసిన తరువాతనే రక్తహీనత పాఠం రాయడం మొదలుపెట్టాలి.