హాస్యం మిగిలింది, రాజకీయం ఏది?

మొన్నటి దసరా సాయంత్రం ఖరగ్‌పూర్ మథురాకాటిలో ఒక తెలుగు ఇంట్లో కూర్చున్నాం. ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రీ అక్కడే పనిచేశాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఖలాసీగా చేరాడు. నాలుగో తరం వాడు ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ కుర్రాడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. ఆగస్టు నుంచీ ఇంట్లోనే ఉన్నాడు.

టీవీలో దసరా ప్రత్యేక కార్యక్రమం నడుస్తోంది. స్టూడియోలో వేసిన పల్లెటూరు, అరటి చెట్లు, మామిడి తోరణాలు, పట్టుచీరలు. ఒక స్కిట్ మొదలైంది. ఉద్యోగం ఊడిన అల్లుడు పండక్కి అత్తవారింటికి వస్తాడు. మామగారు గారెలు లెక్కపెట్టి వడ్డిస్తాడు. మరదలు వెటకారం చేస్తుంది. తెరమీద అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. కుర్రాడు ఫోను చూసుకుంటున్నట్టు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. తల్లి మా దగ్గరికి జరిగి, “ఎవులికీ సెప్పకండన్నయ్యా. సెలవు మీదొచ్చినాడనే అంతన్నాం” అంది.

ఆ మాట మమ్మల్ని ఇంకా వదలలేదు. వినోద కార్యక్రమాలను చులకన చేయడం మా ఉద్దేశం కాదు. ఆ ఇంట్లో నెలల తరబడి నవ్వు లేదు. టీవీ ముందు కూర్చున్న ఆ గంటలోనే ముసలాయన రెండుసార్లు నవ్వాడు. ఆ నవ్వును కాదనే హక్కు ఎవరికీ లేదు. మా ప్రశ్న వేరు. కష్టకాలంలో జనం ఉద్యోగాలు పోగొట్టుకుంటుంటే, పండగ కార్యక్రమం ఆ సంగతి ఎరిగినట్టు కనబడాలా, అక్కర్లేదా?

2025లో ఆ సంగతి ఎరగనివారు లేరు. జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. మేము చెప్పే కుర్రాడిది ఆ కంపెనీ కాదు. అయినా ఆ వార్త వచ్చిన రోజు నుంచి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. వార్తల చానెల్‌లో ఉదయం దీని మీద చర్చ. అదే సంస్థ వినోద చానెల్‌లో సాయంత్రం ఆ లోకమే లేదు. ఉంటే ఒక జోకుగా ఉంటుంది. జోకు కాకపోతే కన్నీటి ఘట్టంగా ఉంటుంది. ఒక పేద కుటుంబాన్ని వేదిక మీదికి పిలుస్తారు, వెనుక వయొలిన్ వాయిస్తారు, ఒక కుట్టుమిషనో చెక్కో చేతిలో పెడతారు, యాంకరు కళ్ళు తుడుచుకుంటుంది, ప్రకటనలు వస్తాయి. నవ్వించడానికి నిరుద్యోగి కావాలి, ఏడిపించడానికి పేదవాడు కావాలి. ఆ ఉద్యోగం ఎందుకు పోయింది, ఎవరు తీశారు అన్న మాట మాత్రం రాదు.

నిర్మాతలు చెప్పే జవాబు మాకు తెలియనిది కాదు. కార్యక్రమం ముందే చిత్రీకరిస్తారు. డబ్బు ఇచ్చేది నగల దుకాణాలు, చీరల షోరూములు, ఫోన్ కంపెనీలు. వారికి సంవత్సరం మొత్తంలో ఇదే సీజను. కొనుక్కోండి అని చెప్పే వేళ, ఉద్యోగాలు పోతున్నాయి జాగ్రత్త అని ఎవరంటారు? “పండగ పూట అపశకునం మాటలెందుకు?” అన్నది వారి చివరి వాదన. ఈ వాదన ప్రేక్షకుల్లోనూ ఉంది. కాబట్టి దీనికి గౌరవంగానే జవాబు చెప్పాలి.

ముందు మా ఊరి సంగతి చెబుతాం. ఖరగ్‌పూర్‌కి ఉద్యోగాల కోత కొత్త కాదు. 1927 ఫిబ్రవరిలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ఆ సెప్టెంబరులో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నుంచి వెయ్యిమందికి పైగా కార్మికులను తీసేయడానికి కంపెనీ పూనుకుంది. కార్మికులు ఎదురు తిరిగారు. కంపెనీ గేట్లు మూసింది. ఆ లాకౌట్ డిసెంబరు దాకా సాగింది. ఆ కార్మికుల పక్షాన నిలిచిన యూనియన్ నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగువాడే తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

అదే 1927లో, ఆగస్టు 26న, ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కలకత్తాలో రేడియో స్టేషను ప్రారంభించింది. అంటే ఆ స్టేషనుకు మొదటి దసరా, ఖరగ్‌పూర్ గేట్లు మూతపడి ఉన్న దసరా ఒక్కటే. ప్రసారమూ, ఉద్యోగాల కోతా ఈ నేల మీద ఒకే ఏడాది పండగకు ఎదురుపడ్డాయి. 1930కల్లా నష్టాలతో ఆ రేడియో కంపెనీయే మూతపడింది. ఉద్యోగం పోవడం అన్నది మాట్లాడేవాడికీ తప్పలేదు.

అయితే 1927కీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. అప్పుడు పని పోయినవాళ్ళంతా ఒకే గేటు దగ్గర నిలబడ్డారు. పక్క క్వార్టర్సు వాడిదీ అదే స్థితి. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఈమెయిల్ వస్తుంది. గదిలోకి పిలిచి ‘మీరే రాజీనామా ఇస్తే మంచిది’ అంటారు. సాయంత్రానికి లాప్‌టాప్ లాక్కుంటారు. ప్రతివాడూ తన ఒక్కడికే ఇలా జరిగిందనుకుని తల దించుకుంటాడు. ఇక ఇంటికొచ్చి టీవీ పెడితే అక్కడ లోకమంతా పచ్చగా ఉంటుంది. మేము దసరా నాడు ఆ ఇంట్లో చూసింది డబ్బు లేని బాధ కాదు, ఈ సిగ్గు. దాన్ని కంపెనీ సగం పుట్టిస్తే, తెర మిగతా సగం పూర్తి చేసింది.

ఇప్పుడు ‘పండగ పూట ఎందుకు’ అన్న వాదనకు వద్దాం. కష్టాన్ని వినోదంలోకి తీసుకురావడం మన సంప్రదాయం కాదన్నట్టు మాట్లాడతారు. బుర్రకథ చూసినవారెవరూ అలా అనలేరు. మధ్యలో తంబురా పట్టిన కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండో వంత పేరే ‘రాజకీయం’. కథ బొబ్బిలిదైనా పల్నాటిదైనా, మధ్యలో ఆపి ఇవాళ్టి ధర, ఇవాళ్టి అప్పు, ఇవాళ్టి దొర దౌర్జన్యం గురించి మాట్లాడడం అతని పని. హాస్యం వంత దాని మీద ఒక జోకు వేస్తాడు, జనం నవ్వుతారు, కథ ముందుకు సాగుతుంది. కష్టానికి మన పెద్దలు వేదిక మీద ఒక స్థానం కేటాయించారు. అది హాస్యం పక్కనే ఉంది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ కళను ఎక్కడికి తీసుకెళ్ళాడో మనకు తెలుసు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన చెప్పిన బుర్రకథల్లో బెంగాల్ కరువు కథ ఒకటి. ఆ కరువు మా జిల్లాను తిన్న కరువు. 1942 అక్టోబరు 16న, సరిగ్గా దుర్గాపూజ రోజుల్లో, మేదినీపూర్ తీరాన్ని తుపాను ముంచింది. ఆ వార్తను ప్రభుత్వం రోజుల తరబడి పత్రికలకు ఎక్కనివ్వలేదు. మరుసటి ఏడు బెంగాల్ అంతటా లక్షల మంది ఆకలితో పోయారు. ఇక్కడి అధికారులు దాచిన కష్టాన్ని ఎక్కడో గుంటూరు జిల్లా బుర్రకథ దళం తెలుగు పల్లెల్లో చెప్పింది. వాళ్ళ ముందు కూర్చున్నది కూడా పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని వినోదం కోసం వచ్చిన జనమే. వాళ్ళెవరూ అపశకునమని లేచి వెళ్ళిపోలేదు.

టీవీ ఆ వేదికను వారసత్వంగా తీసుకుంది. మధ్యలో కథకుడి స్థానంలో యాంకరు ఉంది. హాస్యం వంతకు పదిమంది వారసులున్నారు. రాజకీయం వంతను మాత్రం దింపేశారు. రాజకీయం దిగిపోయాక హాస్యం కూడా చెడింది. పక్కన ప్రశ్న అడిగేవాడు ఉన్నప్పుడు హాస్యం దొర మీదికి వెళ్ళేది. వాడు లేకపోయేసరికి అది ఉద్యోగం పోయిన అల్లుడి మీదికి వచ్చింది.

మన ధమ్మం నవ్వును నిషేధించిందా? సంయుత్త నికాయంలో తాలపుటుడు అనే నటనాయకుడి కథ ఉంది. నిజంతోనో అబద్ధంతోనో జనాన్ని నవ్వించే నటుడు చనిపోయాక నవ్వే దేవతల్లో పుడతాడని మా పెద్దలంటారు, మీరేమంటారు అని అతను బుద్ధుణ్ణి అడుగుతాడు. ఆ ప్రశ్న వద్దని బుద్ధుడు రెండుసార్లు వారించాడు. మూడోసారి అడిగాక చెప్పాడు: రాగద్వేషమోహాల్లో ఇప్పటికే చిక్కుకున్న జనాన్ని, తాను మత్తులో ఉండి మరింత మత్తులోకి నెట్టేవాడికి మంచి గతి లేదని. తాలపుటుడు ఏడ్చాడు. మీ మాటకు కాదు, ఇన్నాళ్ళూ మా పెద్దలు నన్ను మోసం చేసినందుకు అన్నాడు. మేము దీన్ని అర్థం చేసుకునేది ఇలా: బుద్ధుడు తప్పుపట్టింది జనాన్ని ఏమరుపాటులో పెట్టడాన్ని. నటుడు కూడా ఆ ఏమరుపాటుకు బలైనవాడే. స్కిట్‌లో అల్లుడి వేషం కట్టిన కుర్రాడికి కూడా షో ఆగిపోతే మర్నాడు పని ఉండదు.

అశోకుడు కూడా ఇదే తేడా చూపాడు. మన ఊళ్ళకు వెళ్ళే రైలు దారిలోని ధౌళి, జౌగడలలోనూ, కర్నూలు వైపు ఎర్రగుడిలోనూ ఉన్న మొదటి శిలాశాసనంలో ‘సమాజం’, అంటే ఉత్సవ సంబరం, జరపవద్దంటాడు. అందులో చాలా దోషం కనబడుతోందంటాడు. వెంటనే, మంచివనదగ్గ సమాజాలు కూడా కొన్ని ఉన్నాయంటాడు. పండగను రద్దు చేయడం కాదు, మంచి పండగేదో తేల్చుకోవడం మన పని.

అయితే చానెళ్ళు ఏం చేయాలి? సంతాప సభ పెట్టమని మేము అడగడం లేదు. ఉద్యోగం పోయినవాడిని వేదిక మీదికి లాగి ఏడిపించమని అసలే అడగడం లేదు. మూడు గంటల్లో మూడు నిమిషాలు రాజకీయం వంతకు ఇవ్వండి. “ఈ ఏడు చాలా ఇళ్ళకు పిల్లలు ఉద్యోగాలు పోగొట్టుకుని వచ్చారు. వాళ్ళ తప్పు కాదు. ఈ పండగ వాళ్ళది కూడా” అని యాంకరు ఒక్క మాట అనడానికి ఏ స్పాన్సరూ పారిపోడు. దాని మీద జోకు వేయాలనుకుంటే వేయండి, కానీ జోకు ఆ ఈమెయిల్ పంపినవాడి మీద వేయండి.

ఆ మూడు నిమిషాల్లో పనికొచ్చే మాట ఒకటి చెప్పవచ్చు. న్యాయశాస్త్రం చదివినవాళ్ళంగా మేము చెప్పేది ఇది. టీవీ దేన్నయినా ‘లేఆఫ్’ అంటుంది. చట్టంలో లేఆఫ్ అంటే పని లేక తాత్కాలికంగా ఆపడం, మస్టరు రోలులో పేరు ఉంటుంది. శాశ్వతంగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి 2020 కోడ్ వరకు ఈ తేడా అలాగే ఉంది. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి అలా తీసేయాలంటే ఒక నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. సాంకేతిక పని చేసేవాళ్ళు కూడా చట్టం చెప్పే కార్మికుల్లోకి వస్తారు. కార్డు మీద మేనేజర్ అని ఉన్నా, చేసిన పనేమిటన్నదే లెక్క. కానీ స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే ఈ రక్షణ జారిపోతుంది. అందుకే అడుగుతారు రాజీనామా. సంతకం పెట్టే ముందు ఒక్క రోజు ఆగి ఎవరినైనా అడగండి అని ఒక్క యాంకరు చెప్పి ఉంటే, మథురాకాటి కుర్రాడు ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడు కాదేమో.

ప్రేక్షకుల మాట చానెళ్ళు వింటాయా అని అడగవచ్చు. 1976లో ఆకాశవాణి కలకత్తా కేంద్రం మహాలయ వేకువ కార్యక్రమాన్ని మార్చి, వీరేంద్రకృష్ణ భద్ర స్థానంలో సినీనటుడు ఉత్తమ్‌కుమార్‌ను పెట్టింది. ఆ కథ విషయంలో మనకున్న అభ్యంతరాలు వేరే చర్చ. ఎమర్జెన్సీ నడుస్తున్నా శ్రోతలు ఊరుకోలేదు. ప్రభుత్వ రేడియో వెనక్కి తగ్గి పాత కార్యక్రమాన్నే మళ్ళీ వినిపించింది. పండగ ప్రసారం శిలాశాసనం కాదు. సంక్రాంతి కార్యక్రమాలు తయారయ్యే లోపు ఈ పత్రిక పాఠకులు ఒక్కొక్క ఉత్తరం రాస్తే చాలు, అవి లెక్కలోకి వస్తాయి.

ఆ రాత్రి లేచి వస్తుంటే కుర్రాడు వాకిట్లోనే ఉన్నాడు. రాజీనామా కాగితం నకలు ఉందా అని అడిగాం. ఉందన్నాడు. రేపు తీసుకురమ్మన్నాం. “మావాళ్ళు బాధపడతారండీ, నలుగురికీ తెలుస్తుంది” అన్నాడు. తెలియనీ బాబూ అన్నాం. మర్నాడు వచ్చాడు. ఒంటరిగా రాలేదు. నింపురా నుంచి, సెలవు మీద వచ్చానని చెప్పుకుంటున్న ఇంకో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.