కాలి కింద అల్యూమినియం

మా సుల్తానాబాద్ వైపు చాలామంది కారెక్కగానే చెప్పులు విడిచి, సీటు కిందికి నెట్టి, వట్టి కాళ్లతో పెడల్ తొక్కుతారు. పొలం నుంచి వచ్చినవాళ్లయితే మరీను. నల్లరేగడి మన్ను అంటిన చెప్పుతో క్లచ్ మీద కాలు నిలవదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి ఎంత వేగంగా పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది కాలు చెప్పేది ఆ మూడు పెడల్స్‌కే. అందుకే వాటి మీద రబ్బరు ఉండాలా, లోహం ఉండాలా అన్నది నాకు చిన్న విషయంగా కనిపించదు. ఈ మధ్య మన పిల్లలు కొత్త కారు కొనగానే కరీంనగర్ పోయి పెడల్స్ మీద అల్యూమినియం పలకలు బిగించుకొని వస్తున్నారు. ఇంకా బిగించుకోనివాళ్లు మంచిదేనా అని అడుగుతున్నారు.

మంచి ఉంది. అది ముందు చెప్పాలి.

రేసు కార్లలో లోహపు పెడల్ సోకు కోసం రాలేదు. అల్యూమినియం బరువు ఉక్కు బరువులో మూడో వంతే. రబ్బరు మెత్తగా నొక్కుకుపోతుంది, లోహం నొక్కుకుపోదు. బ్రేకు ఎక్కడ పట్టుకుంటోందో, ఎంత పట్టుకుంటోందో పాదానికి సూటిగా తెలుస్తుంది. వాటికి చిల్లులు పెట్టింది బరువు ఇంకాస్త తగ్గడానికి, బూటు అడుగుకు పట్టు దొరకడానికి, తడీ మన్నూ పలక మీద నిలవకుండా పోవడానికి. రేసర్లకు ఇంకో పని కూడా ఉంది. మలుపు ముందు కుడికాలి ముందు భాగంతో బ్రేకు తొక్కుతూనే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్క క్షణం తట్టి, ఇంజన్ వేగం పెంచి కింది గేరుకు దిగుతారు. బ్రేకు, యాక్సిలరేటర్ దాదాపు ఒకే ఎత్తులో, దగ్గర దగ్గరగా ఉంటేనే అది కుదురుతుంది. వెడల్పు లోహపు పలకలు ఆ అవసరానికి సరిపోయాయి. ఆ విద్య వచ్చినవాళ్లు కారు నడుపుతుంటే పక్కన కూర్చున్న మనిషికి గేరు మారినట్టే తెలియదు. నాకు ఆ నేర్పు మీద ఎంతో గౌరవం.

కంపెనీలే లోహపు పెడల్స్ పెట్టి అమ్మే కార్లు మన దేశంలోనే ఉన్నాయి. ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ అలాంటివి. అవి కొన్నవాళ్లు భయపడాల్సిన పని లేదు. ఆ కారు కొలతలకే పలకను చేసి, పాదం ఆనే చోట రబ్బరు బొడిపెలు పొదిగి ఇస్తారు. పాదానికి పట్టు ఇచ్చేది ఆ బొడిపెలే. లోహం వాటిని మోస్తుంది, అంతే.

చిక్కంతా ఏ కారుకైనా సరిపోతుందని అమ్మే సెట్లతోనే. ఆ పలకల్లో చాలావాటిని పాత రబ్బరు మీదనే పెట్టి, అంచులకు కొక్కేలు తగిలించి, చిన్న స్క్రూలతో బిగిస్తారు. బిగించిన రోజు బిర్రుగానే ఉంటాయి. కింద ఉన్నది రబ్బరు కదా, రోజులు గడిచేకొద్దీ అణుగుతుంది. అది అణిగినంత మేర కొక్కెం వదులవుతుంది. మన ఊళ్ల లోపలి రోడ్ల కుదుపులు మిగతా పని చేస్తాయి. ఇంకోరకం సెట్లకు పెడల్‌కే డ్రిల్లుతో బెజ్జాలు వేస్తారు. బ్రేకు, క్లచ్ పెడల్స్ ఎక్కువగా ఉక్కువే కాబట్టి తట్టుకుంటాయనుకుందాం. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ ఎక్కువగా ప్లాస్టిక్‌ది. దాని కదలికను సెన్సార్ చదివి ఇంజన్‌కు చెబుతుంది. అలాంటిదానికి బెజ్జం వేయడమంటే పగులుకు దారి చూపించడమే.

ఇంకోటి కొలత. పాదం ఒకేసారి రెండు పెడల్స్ మీద పడకుండా యాక్సిలరేటర్‌కూ బ్రేకుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 35వది చెబుతుంది: 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 100కు మించకూడదు. రెండు పెడల్స్ మీదా వెడల్పు పలకలు వేశామంటే ఆ ఎడం రెండు వైపుల నుంచీ తగ్గుతుంది. పలక మందం వల్ల పెడల్ ఎత్తు కూడా మారుతుంది. ఏళ్ల తరబడి పాదం నేర్చుకున్న లెక్క ఒక్క సాయంత్రంలో తప్పుతుంది. రేసరుకు పెడల్స్ అలా దగ్గరగానే కావాలి, దానికోసం సాధన చేస్తాడు. మనకు రాజీవ్ రహదారి మీద కాట్నపల్లి దాటి పెద్దపల్లి పోవడానికి ఆ విద్యతో పని లేదు. యాసంగి కోతలప్పుడు పక్క బాటలోంచి వడ్ల ట్రాక్టరు ఉన్నట్టుండి రోడ్డెక్కితే కావలసింది ఒక్కటే: కాలు చూడకుండానే బ్రేకు మీద పడాలి, పడ్డచోట నిలవాలి. నున్నటి అల్యూమినియం మీద తడి హవాయి చెప్పు నిలవదు. బొడిపెలు ఉన్నవైనా, వాటి సందుల్లో తవుడూ దుమ్మూ చేరి, వానకు ముద్దగా మారితే అంతే. మాది రైసుమిల్లుల ఊరు, చెప్పుకు ఏం అంటుతుందో మాకు తెలుసు. వట్టి కాళ్లతో నడిపేవాళ్ల సంగతి ఇంకో తీరు. 45 డిగ్రీలు దాటిన మే మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండిలో, ఎంత వేడి ఉన్నా రబ్బరు దాన్ని పాదానికి నెమ్మదిగా ఇస్తుంది. అల్యూమినియం ముట్టగానే ఇచ్చేస్తుంది. కాలు ఉలిక్కిపడితే పెడల్ మీద ఒత్తిడి తప్పుతుంది.

పలక ఊడితే ఏమవుతుంది అని అడిగేవాళ్లకు 2024 ఏప్రిల్ సంగతి చెబుతాను. అమెరికాలో టెస్లా కంపెనీ తన సైబర్‌ట్రక్కులు 3,878 వెనక్కి పిలిపించింది. యాక్సిలరేటర్ మీద తొడిగే పలకను ఎక్కించేటప్పుడు సులువుగా జారడానికి ఫ్యాక్టరీలో సబ్బు వాడారు. ఆ సబ్బు మిగిలిపోయి, పలక పైకి జారి, పెడల్ పైనున్న ప్యానెల్‌లో ఇరుక్కుంటే, బండి తనంతట తాను వేగం అందుకునే ప్రమాదం వచ్చింది. ఆ పలకను రివెట్‌తో బిగించి ఇచ్చారు. ఫ్యాక్టరీలో చేసిన బిగింపే అలా జారిందంటే, షాపు ముందు పావుగంటలో చేసిన బిగింపును ఎంత నమ్మాలో మీరే ఆలోచించండి.

పెడల్ కింద చేరే వస్తువు కూడా అంతే ప్రమాదం. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారులో వేరే మోడల్ మ్యాట్ వేశారు. యాక్సిలరేటర్ దాంట్లో చిక్కుకొని కారు ఆగలేదు, లోపలున్న నలుగురూ చనిపోయారు. నడుపుతున్నది హైవే పోలీసు అధికారి, బండి నడపడం చేతకాని మనిషి కాదు. మనవాళ్లు కంపెనీ మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేసి, అంచు పైకి లేచినా పట్టించుకోరు. సీటు కిందికి నెట్టిన చెప్పు కూడా బ్రేకు వేసినప్పుడు ముందుకు జారి పెడల్ కిందికి చేరుతుంది. చెప్పులు విడిచేవాళ్లు వాటిని పక్క సీటు ముందో, వెనకో పెట్టాలి. లోహపు పలకల గురించి నన్ను అడిగే ప్రతి మనిషికీ మొదట ఇదే చెబుతాను.

చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. పెడల్ పలక ఆ వివరాల్లోకి రాదు. చట్టం అడ్డు రాలేదంటే బ్రేకు మీద ఏదైనా పెట్టొచ్చని కాదు.

మా ఊరి మెకానిక్ ఒకాయన తన దగ్గరికి వచ్చిన పిల్లవానితో అన్న మాట నాకు నచ్చింది. "తమ్మీ, రబ్బరు అరిగి నున్నగైంది, నిజమే. గదే రబ్బరు కొత్తది దొరుకుతది, ఏసుకో." బ్రేకు రబ్బరు పెడల్ ఇనుపరేకు అంచుల చుట్టూ తొడిగి ఉంటుంది. పాతది లాగేసి కొత్తది తొడగడానికి బెజ్జం వద్దు, స్క్రూ వద్దు. దాని గాడులు అరిగి నున్నబడగానే మార్చుకోవాలి. జారుతోందని అల్యూమినియం పెట్టించుకునేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఈ కొత్త రబ్బరే.

అంతగా మనసు పడినవాళ్లు క్లచ్ పక్కన ఎడమకాలు ఆనించుకునే పలకకు అల్యూమినియం పెట్టించుకోండి. అది కదలదు, దేన్నీ నడపదు, ఊడినా బండి చేయి దాటదు. అయితే ఊడిన ముక్క క్లచ్ కిందికి పోకుండా చూసుకోండి. మూడు పెడల్స్‌కూ కావాల్సిందేనంటే, మీ కారు కంపెనీ మీ మోడల్‌కే చేసినవి, రబ్బరు బొడిపెలు ఉన్నవి, సర్వీస్ సెంటర్‌లోనే బిగించుకోండి. బండి తీసుకునే ముందు ఇంజన్ ఆపి, ఒక్కో పెడల్‌ను అడుగంటా తొక్కి వదిలిపెట్టి, ఎక్కడా తగలకుండా తిరిగి వస్తోందో లేదో చూడండి. తర్వాత కూడా బండి కడిగిన ప్రతిసారీ పలకను చేత్తో పట్టి ఊపి చూడండి. కాస్త కదిలినా ఆ రోజే తీయించేయండి.