వంశమా, పిలుపా? ‘స్టార్ వార్స్’ అభిమానుల వివాదముపై ఒక దైవశాస్త్ర పరిశీలన

ఉపోద్ఘాతము

1977 మే 25న అమెరికాలో విడుదలైన జార్జ్ లూకాస్ చిత్రము ‘స్టార్ వార్స్’ క్రమేణ ఒక కుటుంబ గాథగా పెరిగి, 2019 డిసెంబరులో తొమ్మిదవ భాగముతో ముగిసింది. ఈ నలభై రెండేళ్లలో కొత్త భాగములు వచ్చినప్పుడెల్లా పాత అభిమానులలో కొందరు “ఇది మా కథ కాదు” అంటూనే ఉన్నారు. అయితే 2017 డిసెంబరులో వచ్చిన ఎనిమిదవ భాగము ‘ది లాస్ట్ జెడాయ్’ రేపిన వివాదము మిక్కిలి తీవ్రమైనది. విమర్శకులలో అత్యధికులు దానిని మెచ్చుకున్నారు. అభిమానులు నిలువునా చీలిపోయారు. దానిని అధికారిక గాథ నుండి తొలగించాలని వేలమంది సంతకాలు చేశారు. రెండేళ్ల తరువాత వచ్చిన ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ ఆ చీలికను మాన్పలేదు. ఈసారి నొచ్చుకున్నది రెండవ పక్షము.

మన సంఘములలోని యౌవనస్థులు కొందరు ఈ చిత్రములను ఎరుగుదురు. బోధకులమైన మనము వీటి గురించి చెప్పే మాటలు సాధారణముగా రెండే. లోకసంబంధమైనవని తోసివేస్తాము, లేదా అందులోని ‘ఫోర్స్’ అనే శక్తిని పరిశుద్ధాత్మతో పోల్చి ప్రసంగములో ఉదాహరణగా వాడుకుంటాము. రెండవది మరింత తొందరపాటు. ఆ శక్తి మాట్లాడదు, నిబంధన చేయదు, క్షమించదు. దానిని ఆత్మతో పోల్చుట సరికాదు. మా దృష్టిలో పరిశీలింపదగినది అభిమానుల వాదములోనే ఉన్నది. ముందు తరము వదలిన దానికి వారసుడెవరు? ఆ వంశములో పుట్టినవాడా, పిలువబడినవాడా? వారు రెండు చిత్రముల మీద వాదించినది ఈ ప్రశ్ననే.

1. ఎనిమిదవ భాగము చేసినది

చిత్రములు చూడని పాఠకుల కొరకు కొంత వివరణ అవసరము. మొదటి మూడు భాగములలో (1977, 1980, 1983) ల్యూక్ స్కైవాకర్ అనే పల్లెటూరి యువకుడు జెడాయ్ యోధుడవుతాడు. క్రూరుడైన డార్త్ వేడర్ తన తండ్రేనని తెలుసుకుంటాడు. చివరకు తండ్రిని చంపనని ఆయుధము పారవేసి, ఆ తండ్రి మారుటకు కారకుడవుతాడు. 2015లో ఆరంభమైన చివరి మూడు భాగములలో కథానాయిక రే. ఎడారిలో పాత ఇనుము ఏరుకొని బ్రదికే అనాథ ఆమె. 2015 చిత్రము రెండు ప్రశ్నలతో ముగిసింది. రే ఎవరి బిడ్డ? ఏకాంత ద్వీపములో దాగిన ల్యూక్‌కు ఆమె అతని పాత ఖడ్గమును చాచినప్పుడు అతడేమి చేస్తాడు?

అభిమానులు రెండేళ్లు ఎదురుచూశారు. రే ల్యూక్ కుమార్తెయేనని కొందరు, మరొక గొప్ప యోధుని మనుమరాలని కొందరు ఊహించారు. దర్శకుడు రయాన్ జాన్సన్ రెండు ప్రశ్నలకూ ఎవరూ కోరని జవాబు చెప్పాడు. ల్యూక్ ఆ ఖడ్గమును భుజము మీదుగా వెనక్కు విసిరివేస్తాడు. రే తల్లిదండ్రులు ఎవరూ కారు. త్రాగుడు డబ్బు కోసము బిడ్డను అమ్ముకున్నవారు.

2. ల్యూక్ పతనము: అభ్యంతరములో న్యాయమెంత

అభిమానుల ప్రధాన అభ్యంతరమును న్యాయముగా వినవలసి ఉన్నది. డార్త్ వేడర్‌లోనే మంచిని చూసిన ల్యూక్, నిద్రిస్తున్న తన మేనల్లుడు బెన్ సోలో మీద ఖడ్గము వెలిగించుట సాధ్యమా? ఇది కేవలము పాతదాని మీది మమకారమని కొట్టివేయలేము. ఒక పాత్రకు గల సత్యమును గూర్చిన ప్రశ్న ఇది.

అయితే 1983 చిత్రమునే మరల చూడవలెను. ఆయుధము పారవేయుటకు ముందు ల్యూక్, తన సోదరిని గూర్చిన బెదిరింపు విని, కోపముతో తండ్రిని నేలకూల్చి అతని చేయి నరికాడు. ఆ తరువాతనే ఆగాడు. మేనల్లుని విషయములోనూ క్షణమాత్రము చేయి లేచింది, వెంటనే ఆగింది. కాని బాలుడు కన్నులు తెరచి చూశాడు. అంత్యదశలో ల్యూక్ ఆ మేనల్లుని సైన్యము ఎదుట ఎవరినీ గాయపరచకుండా నిలబడి, తన వారు తప్పించుకొనుటకు సమయమిచ్చి కన్నుమూస్తాడు. 1983లో ఆయుధము పారవేసినవానికి తగిన ముగింపే అది. వాక్యము నెరిగిన మనకు ఇది వింత కాకూడదు. కొర్నేలీ యింట అన్యజనులకు తలుపు తెరచిన పేతురే అంతియొకయలో వారి బల్ల నుండి వెనుకకు తగ్గాడు (అపొ. కా. 10, గలతీ. 2:11-14). ఒకసారి జయించిన శోధన మరల రాదని లేఖనము ఎక్కడా వాగ్దానము చేయలేదు.

అయినను ఒక విషయములో అభిమానుల మాట నిజము. ల్యూక్ నిరాశకు లోనైన సంవత్సరములను చిత్రము చూపదు. జ్ఞాపక దృశ్యములలో క్లుప్తముగా చెప్పి దాటిపోతుంది. ప్రియమైన గురువు పడిపోయాడని చెప్పినవారు ఆ పతనపు దారిని కూడ చూపవలసినది. చూపకపోతే విన్నవారికి అది వార్తగా కాక అవమానముగా తోచుతుంది.

3. గ్రంథములు, కానన్

అభిమానులు తమ వాదములో మన మాటనే వాడతారు: ‘కానన్’. కల్పిత కథలకు ఆ మాట వాడే అలవాటుకు మూలముగా రోనాల్డ్ నాక్స్‌ను చూపుతారు. తరువాతి కాలములో గురువుగా అభిషేకము పొందిన ఈయన 1911లో బైబిలు విమర్శన పద్ధతులను షెర్లాక్ హోమ్స్ కథలకు హాస్యముగా అన్వయించాడు. 2012లో డిస్నీ సంస్థ లూకాస్‌ఫిల్మ్‌ను కొన్నది. 2014 ఏప్రిల్‌లో అంతవరకు వచ్చిన నవలలు మొదలైనవాటిలో అధిక భాగము ఇకపై కానన్ కావని, ‘లెజెండ్స్’ అనే పేరుతో ఉంటాయని ప్రకటన వెలువడింది. దశాబ్దములు ఆ నవలలతో పెరిగినవారికి తాము నమ్మిన చరిత్ర ఒక ప్రకటనతో రద్దయినట్లయింది. 2017 నాటి కోపములో ఈ పాత గాయము కూడ కలిసి ఉన్నదని మేము తలుస్తాము.

ఇక్కడ సంఘ చరిత్రకు గల భేదము గమనింపదగినది. అతనాసియు 367లో వ్రాసిన పునరుత్థాన పండుగ లేఖ 27 పుస్తకములను పేర్కొన్నది. అప్పటికే సంఘములు తరతరములుగా చదివి, ప్రార్థించి, హింసలలో దాచుకొన్న గ్రంథములను అది గుర్తించింది. కథకు యజమాని ఉన్నచోట కానన్ ఆస్తి హక్కుతో నిర్ణయమవుతుంది. సంఘమైతే తాను యజమాని కాని వాక్యమునకు లోబడి దానిని గుర్తించింది.

ఎనిమిదవ భాగములో ఈ విషయమును తాకే దృశ్యమొకటి ఉన్నది. జెడాయ్ పవిత్ర గ్రంథములున్న చెట్టును కాల్చాలని ల్యూక్ వెళ్లి వెనుకాడతాడు. గతించిన గురువు యోడా ఆత్మగా కనబడి, పిడుగు రప్పించి తానే దానిని కాల్చివేస్తాడు. చిత్రము సంప్రదాయమును తగులబెట్టిందని అనేకులు ఆగ్రహించారు. కాని ఆ గ్రంథములను రే ముందే తీసుకొని పోయిందనియు, అవి ఓడలోని సొరుగులో భద్రముగా ఉన్నవనియు అదే చిత్రము చివర చూపుతుంది. కాలినది ఖాళీ చెట్టు. యెహోయాకీము చుట్టను అగ్నిలో వేసినప్పుడు వాక్యము బారూకు చేత మరల వ్రాయబడినది (యిర్మీయా 36). గ్రంథములుండే స్థలమును కాపాడుట వేరు, వాటిని తరువాతివారి చేతికి అందించుట వేరు. ఆ దృశ్యమును చూచి అలిగినవారు మొదటిదాని కొరకే దుఃఖించారు.

4. ఎవరూ కానివారి బిడ్డ

ఎనిమిదవ భాగము చివరి దృశ్యములో గుర్రపుసాలలో పనిచేసే ఒక బాలుడు చేయి చాచగా చీపురు తనంతట తానే అతని చేతికి వస్తుంది. అతనికి పేరున్న వంశము లేదు. ఈ చిత్రములలో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది ఈ దృశ్యమే. ఏలీయా దుప్పటి ప్రవక్త కుమారునిపై పడలేదు. పొలము దున్నుచున్న ఎలీషాపై పడింది (1 రాజులు 19:19). ఆమోసు తాను ప్రవక్త కుమారుడను కానని స్పష్టముగా చెప్పాడు (ఆమోసు 7:14). సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించగా వారు లంచము పుచ్చుకొన్నారు (1 సమూయేలు 8:1-3).

తొమ్మిదవ భాగములో జె. జె. అబ్రామ్స్ దీనిని తిరిగి మార్చాడు. రే దుష్ట చక్రవర్తి పాల్పటీన్ మనుమరాలట. తల్లిదండ్రులు ఆమెను కాపాడుటకే అనామకులుగా బ్రదికారట. ఈ మార్పును సమర్థించేవారికి ఒక మంచి వాదమున్నది. దుష్ట వంశములో పుట్టినను మేలును కోరుకోవచ్చునని ఇది చెబుతుంది. తండ్రి దోషము కుమారుడు మోయడనే యెహెజ్కేలు 18వ అధ్యాయపు బోధకు ఇది దగ్గర. చివర ఒక వృద్ధురాలు పేరడిగినప్పుడు ఆమె తనను రే స్కైవాకర్ అని చెప్పుకొంటుంది. రక్తము ఇవ్వని పేరును ప్రేమ ఇచ్చింది. మత్తయి మొదటి అధ్యాయములోనూ దావీదు వంశము యేసుకు చేరునది యోసేపు ద్వారా. రక్తసంబంధము లేకయే ఆయన ఆ శిశువుకు పేరుపెట్టి తనవానిగా చేసుకొన్నాడు (మత్తయి 1:25). ఆ వంశావళిలోనే తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య ఉన్నారు.

అయినప్పటికీ ఈ చిత్రము తన సందేశమును తానే బలహీనపరచుకొన్నదని మా నిర్ణయము. రేకు అంత బలమెందుకున్నదని అడిగితే, గొప్ప తాత ఉన్నాడు గనుక అని అది జవాబిస్తుంది. గుర్రపుసాల బాలుడు మరల కనబడడు. కోపించిన అభిమానులను శాంతింపజేయుటకు పిలుపును వెనుకకు నెట్టి వంశమును ముందుకు తెచ్చినట్లున్నది.

5. ప్రేమ పేరిట హింస

ఈ వివాదములో మనుష్యులు గాయపడ్డారు. ఎనిమిదవ భాగములో రోజ్ పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ వియత్నాం మూలములు గల అమెరికా నటి. జాతిని, రూపమును నిందించే మాటలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, 2018 జూన్‌లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లోని తన ఫొటోలన్నిటిని తొలగించింది. ఆ ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో ఆ బాధను గూర్చి వ్రాసింది. తొమ్మిదవ భాగములో ఆమె పాత్ర చాలా కుదించబడినది. నచ్చని చిత్రమును విమర్శించే హక్కు అందరికీ ఉన్నది. ఈమెను దూషించినవారు మాత్రము తాము కథను ప్రేమించుచున్నామనే అనుకొన్నారు. మందిర పద్ధతుల గురించో, పాటల పుస్తకము మార్పు గురించో మన సంఘములలో జరిగే కలహములను ఎరిగిన పాఠకులకు ఇది కొత్త కాదు.

ముగింపు

తెలుగు సంఘములో ఈ ప్రశ్న వెండితెర మీదిది కాదు. మనలో అనేకుల పితరులు, లోకము ఎవరూ కారని లెక్కించిన కుటుంబములలో నుండి పిలువబడినవారు. ఆ పిలుపే మన ఘనత. కాని మూడు నాలుగు తరములు గడచేసరికి “మేము పాత క్రైస్తవులము” అనే మాట వంశ గౌరవముగా మారింది. కొత్తగా వచ్చిన విశ్వాసిని ఏ కులమని అడుగుట ఆగలేదు. కాపరి తరువాత కాపరి కుమారుడే పీఠమెక్కవలెనన్న ఆలోచన అనేక చోట్ల సహజముగా చెలామణి అవుతున్నది. కుమారునికి పిలుపు ఉండకూడదని మేము అనము. తిమోతి విశ్వాసము అవ్వ నుండి, తల్లి నుండి వచ్చినదే (2 తిమోతి 1:5). పిలుపును పరీక్షించకుండా పుట్టుకను చూచి అప్పగించుటయే దోషము.

కనుక యౌవనస్థులు ఈ చిత్రముల గురించి వాదించుకొన్నప్పుడు బోధకుడు వారిని గద్దింపక, రే ఎవరి బిడ్డ అయితే మీకు తృప్తి, ఎందుకు అని అడుగవలెనని మా మనవి. వారి జవాబులు విన్న పిమ్మట, మన సంఘములో వెనుక వరుసలో కూర్చునే ఏ పేరూ లేని బిడ్డకు మనము ఎన్నడైనా లేఖనము చదివే అవకాశమిచ్చామా అని మనలను మనము అడుగుకొనవలెను.