మేకు పడని మగ్గం

షోలాపూర్‌లో భద్రావతి పేట, సాఖర్ పేట, దాజీ పేట సందుల్లో నడుస్తుంటే మరాఠీ బోర్డుల కింద తెలుగు మాటలు చెవిన పడతాయి. ఇవి పద్మశాలీల పేటలు. 19వ శతాబ్దంలో నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి కరువుకు తాళలేకో, అప్పుకు జడిసో, కూలి దొరుకుతుందన్న ఆశతోనో కదిలివచ్చిన వాళ్ళ మునిమనుమలు ఇక్కడ ఉంటున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం కదిలితే ఊరి తూర్పు వైపంతా వీధిలోనే ఉంటుంది.

షోలాపూర్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది దుప్పటే. దానికీ, టెర్రీ తువ్వాలుకీ 2005–06లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేనేత మీద రాసేవాళ్ళు రంగుల గురించి రాస్తారు, అంచుల గురించి రాస్తారు, నేతగాడి కష్టం గురించి రాస్తారు. మగ్గం చేసిన వడ్రంగికి మాత్రం ఒక్క వాక్యం కూడా దక్కదు. నేతగాడి ఇంట్లో మంచం లేకపోవచ్చు, కుర్చీ అసలే ఉండకపోవచ్చు. మగ్గం మాత్రం ఉండేది. ఇంటి సామానంతటిలో పెద్దదీ, ఖరీదైనదీ, గదిలో సగం ఆక్రమించేదీ అదే. కారఖానాదారుల ఇళ్ళలోనైతే మగ్గాలు వరుసగా ఉండేవి, వాటి మీద నేసే అసాములు చాలామంది ఆ కారఖానా ఆవరణలోనే కాపురం ఉండేవారు. అంటే వాళ్ళు మెలకువగా ఉన్నంతసేపూ కర్ర సామాను మధ్యనే గడిచేది.

ఆ కర్ర మోసే బరువేమిటో ఒక లెక్క వేసి చూద్దాం. మరాఠా ఆడవాళ్ళు కట్టే తొమ్మిది గజాల చీర 324 అంగుళాలు. అంగుళానికి 50 పేక పోగులు, అంటే అడ్డం పోగులు, అనుకుంటే ఒక్క చీరకు 16,200 సార్లు పలక అనే వేలాడే చెక్క వచ్చి బట్టను కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ మగ్గం మొత్తం ఒక్క అదురు అదురుతుంది. ఏ మంచానికీ, ఏ బీరువాకీ ఇలాంటి బతుకు ఉండదు. మంచం బరువు మోస్తుంది, అంతే. మగ్గం బరువూ మోయాలి, పడుగు, అంటే నిలువు పోగుల, బిగువునూ ఓర్చుకోవాలి, రోజంతా దెబ్బలూ తినాలి. ఇన్ని చేస్తూ వెంట్రుకవాసి కూడా వంకర పోకూడదు.

అందుకే చట్రంలో ముఖ్యమైన కీళ్ళ దగ్గర మేకు కొట్టరు. మేకు ఇనుము, చుట్టూ ఉన్నది కొయ్య. అదురు తగిలిన కొద్దీ ఇనుము కొయ్యను నలుపుతుంది, రంధ్రం పెద్దదవుతుంది, కొన్నాళ్ళకు మేకు బయటికి చూస్తుంది. జిగురు పెడితే ఒకనాడు పటుక్కున విడిపోతుంది, ఆ తర్వాత అతకదు. వడ్రంగి చేసే పని వేరు. అడ్డకర్ర చివర కుసి తీసి, నిలువు స్తంభంలో తొలిచిన బెజ్జంలోంచి దాన్ని అవతలికి పోనిస్తాడు. బయటికి వచ్చిన కుసిలో మళ్ళీ ఒక చిన్న రంధ్రం తొలిచి, అందులో ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా ఉన్న కొయ్య చీల దిగ్గొడతాడు. అక్కడి మరాఠీ సుతార్లు దీన్ని పాచర్ అంటారు. చీల దిగుతున్న కొద్దీ కుసిని బయటికి లాగుతుంది, అడ్డకర్ర భుజం స్తంభానికి ఆనుకుని బిగుసుకుంటుంది. వదులైందా, కొయ్య సుత్తితో ఇంకో దెబ్బ. చీల అరిగిపోతే కొత్తది చెక్కుకోవచ్చు, కుసీ చెడదు, స్తంభమూ చెడదు. అరగడానికని ఉన్న ముక్క అదొక్కటే.

ఈ కీలులో ఇంకో సుగుణం ఉంది. చీలను కింది వైపు నుంచి కొడితే వచ్చేస్తుంది, మగ్గం కట్టెల మోపులా విడిపోతుంది. అద్దె ఇల్లు మారినా, ఊరే మారినా బండిలో వేసుకుని పోవచ్చు. వలస మీద బతికిన వాళ్ళకు ఇంతకన్నా పనికొచ్చే సామాను ఏముంటుంది?

కర్ర విషయానికొస్తే అగ్రాసనం టేకుదే. ఉబ్బడం, కుంచించుకుపోవడం దానికి తక్కువ. అయినా ఏ కర్రైనా అడ్డంగా ఉబ్బుతుంది గాని పొడవునా పెరగదు. మంచి వడ్రంగి ఏ ముక్క నార ఎటు నడుస్తోందో చూసి గాని కోయడు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరిది. ఎండాకాలం కీళ్ళు వదులవుతాయి, వానాకాలం వాటంతట అవే బిగుస్తాయి. టేకు కొనే స్తోమత లేనివాళ్ళు తుమ్మ కర్ర వాడుకున్నారు. అది గట్టిదే గాని పచ్చిదనం పూర్తిగా ఆరకముందు కోస్తే మెలి తిరుగుతుంది.

చట్రం నిలబెట్టాక మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు, ఒక తాడు చాలు. ఎదురెదురు మూలలకు ఐమూలగా పట్టి కొలవాలి. ఎదురెదురు కర్రలు ఒకే పొడవుండి, ఈ రెండు కొలతలూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టే. పడుగు చుట్టిన కర్రా, బట్ట చుట్టుకునే దోనె కూడా ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఆ రెండూ కాస్త ఎడమైతే ఒక అంచు బిగుసుకుని రెండో అంచు జారుతుంది, చీర మడతపెట్టినప్పుడు కొసలు కలవవు. బజారులో అలాంటి చీరను చూసినవాళ్ళు నేతగాడిని తిడతారు. తప్పు చాలాసార్లు కర్రది.

ఇక పలక. మగ్గంలో నాకు అన్నిటికన్నా తెలివైన భాగంగా కనిపించేది ఇదే. పైనుంచి ఉయ్యాలలా వేలాడుతూ, మధ్యలో దువ్వెన లాంటి పన్నెను పట్టుకుని, పేక పోగును మోసే నాడె వెళ్ళిన ప్రతిసారీ ముందుకొచ్చి పేకను తట్టేది పలక. దాని మీద నాడె పరుగెత్తడానికి నున్నటి దారి ఉంటుంది. ఆ దారికీ పన్నెకూ మధ్య కోణం సరిగ్గా మూలమట్టానికి ఉంటే పని చెడుతుంది. రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి. అప్పుడే నాడె పన్నె వైపుకు ఒరిగి, దాన్ని రాసుకుంటూ పోతుంది. లేకపోతే దారి మధ్యలో ఎగిరి నేతగాడి మోకాలి మీద పడుతుంది. నాడె అడుగు చెక్కేటప్పుడు కూడా ఆ వాలునే పాటించాలి. తలుపులూ మంచాలూ చేసే వడ్రంగి చేయి జీవితాంతం 90 డిగ్రీలకు అలవాటు పడి ఉంటుంది. అతను ఎంత పనిమంతుడైనా మొదటిసారి చేసిన పలక మీద నాడె నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. మగ్గాల వడ్రంగం వేరే విద్య అని ఒప్పుకోవాల్సింది ఇక్కడే.

పలక బరువుకూ లెక్క ఉంది. దుప్పటి లాంటి మందపు బట్టకు బరువైన పలక కావాలి, సన్న నూలు చీరకు తేలికది కావాలి. మగ్గం ఒకటే, నేత మారింది అనుకోండి, పలకకు ఒక ఇనుప బద్దో, కర్ర ముక్కో కట్టి బరువు పెంచుకుంటారు. ఎంత కట్టాలో చెప్పే పట్టిక ఏదీ లేదు. నాలుగు అంగుళాలు నేసి, బట్టను వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ కడతారు.

నాడె విషయం ఇంకా సున్నితం. పడవ ఆకారం, రెండు కొసల్లో లోహపు మొనలు, మధ్యలో నూలు చుట్టిన కండె కూర్చునే గుంట. నార ఒక కొస నుంచి మరో కొసకు తిన్నగా నడవాలి. పక్కకు దారి తప్పితే మొన దగ్గర పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చు పడుగు పోగుల్ని వరుసగా తెంపుకుంటూ పోతుంది. నాడె కొత్తదైనా పాతదైనా నేసే ముందు దాని మీద చిన్న దూది పింజతో మెల్లగా రాసి చూడటం మంచి పద్ధతి. ఎక్కడైనా ఒక పీచు పట్టుకుని ఆగితే అక్కడ కంటికి కనపడని పెచ్చు ఉన్నట్టే. గాజు పెంకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, చుక్క నూనె పట్టిస్తే మళ్ళీ పనికొస్తుంది.

అమెరికా మిల్లులు నాడెలకు డాగ్‌వుడ్‌నూ, పెర్సిమన్ అనే చెట్టునూ వాడాయి. ఈ పెర్సిమన్ మన తునికి చెట్టుకు దాయాది, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. షోలాపూర్ తెలుగు ఇళ్ళలో మగవాళ్ళు మగ్గం మీద ఉంటే ఆడవాళ్ళు చాట ముందేసుకుని తునికాకుతో బీడీలు చుట్టేవారు, నేటికీ చుడుతున్నారు. ఆ ఆకు ఇచ్చే చెట్టు బంధువే సముద్రాల అవతల నేతకు కర్ర ఇచ్చిందన్నది నాకు భలే ముచ్చటేసిన సంగతి.

చేత్తో విసిరే నాడె పోయి తాడు లాగితే పరుగెత్తే నాడె రావడం కూడా వడ్రంగి పని మారడమే. ఇంగ్లండులో జాన్ కే దీనికి పేటెంటు తీసుకున్నది 1733లో. షోలాపూర్ నేతగాళ్ళలో అది వేగంగా పాకింది 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో. పక్క జిల్లా అహ్మద్‌నగర్‌లో చర్చిల్ అనే అమెరికన్ మిషనరీ ఆ కాలంలోనే మెరుగైన చేమగ్గం తయారీకి పూనుకున్నాడు. కొత్త నాడెకు పలక రెండు కొసలా పెట్టెలు కావాలి, వాటిలో నాడెను తన్నే ముక్కలు కావాలి, పై నుంచి తాళ్ళు కావాలి. వీటన్నిటినీ పాత చట్రానికే తగిలించుకున్నారు. విప్పి మళ్ళీ కట్టుకోగల మగ్గం కాబట్టి అది కుదిరింది.

వడ్రంగి మగ్గం కట్టి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత పాతికేళ్ళు దాన్ని నిలబెట్టేది నేతగాడే. చీలలు చెక్కుకునేది, తొక్కుడు చెక్కలు మార్చుకునేది, కూర్చునే పలకను తన ఎత్తుకు తగ్గట్టు సర్దుకునేది అతనే. ఉలి పట్టడం ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. ఈ ఇంటి వడ్రంగం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఆలేరు దగ్గరి శారాజీపేట పద్మశాలి చింతకింది మల్లేశం ఉన్నారు. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు పోగును కొయ్యల చుట్టూ తిప్పాలంటే, చేయి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో మొదలుపెట్టి, బడి చదువు ఆరో తరగతితో ఆగిపోయినా, ముక్క తర్వాత ముక్క చేసుకుంటూ 1999కి ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. జీతానికి పనిచేసే ఇంజనీరు ఏడేళ్ళు ఒకే చట్రం ముందు కూర్చునేవాడు కాదేమో!

చీల కీలు మన సొత్తేమీ కాదు. ఐరోపా మగ్గాలలోనూ ఉంది. అమెరికాలో గుస్టావ్ స్టిక్లీ 1900 తర్వాత చేసిన ఓకు సామానులో కుసినీ చీలనూ కావాలనే బయటికి కనిపించేలా పెట్టాడు, చేతిపని నిజాయితీకి గుర్తుగా. ఇప్పుడు సరదాకు వడ్రంగం నేర్చుకునే వాళ్ళు ఎక్కడైనా ఆ కీలును ఎంతో ఇష్టంగా చెక్కుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. అయితే గదిలో కదలకుండా ఉండే పుస్తకాల అలమరకు ఆ చీల ఆభరణం. మగ్గంలో అది ఉద్యోగం చేస్తుంది.

మరమగ్గాలు వచ్చాక షోలాపూర్‌లో చట్రం ఇనుముదైంది. అయినా నాడె కొయ్యగానే మిగిలింది, నాడెను తన్నే కర్ర కూడా. దెబ్బ తిని మళ్ళీ తేరుకునే గుణం పోత ఇనుముకు లేదు, అది విరుగుతుంది. తర్వాత పలుచటి పొరలను జిగురుతో, వేడితో కుదించి చేసిన కర్ర వచ్చింది. ఇప్పుడు తువ్వాళ్ళ కారఖానాల్లోకి వస్తున్న రేపియర్ మగ్గాలకు నాడెతోనే పని లేదు. చేమగ్గాల మీద గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేసే కొద్దిచోట్ల మాత్రం కర్ర చట్రం ఇంకా కొయ్య సుత్తి దెబ్బలు తింటోంది.

మూలపడ్డ మగ్గాల కర్రను కొని బల్లలూ బెంచీలూ చేయించుకోవాలనుకునే వాళ్ళకు ఒక మాట. ఏళ్ళ తరబడి ఆరిన టేకు అది, ఇకపై అంతగా మెలి తిరగదు గాని మీ ఉలి మొన మొద్దుబారుతుంది, సానరాయి దగ్గర పెట్టుకోండి. స్తంభాల్లో బెజ్జాలు ఉంటాయి. వాటిని లప్పంతో పూడ్చి రంగేస్తే కర్ర డబ్బు దండగ. కొలత చూసుకుని వాటిలోకే కొత్త అడ్డకర్ర కుసి దించండి. చీల మాత్రం తుమ్మతో చెక్కించుకోండి, టేకు చీల త్వరగా అరుగుతుంది.